నిప్పు చూపించొద్దన్న పలక

మా ఊరి చర్చిలో పలకలు కొట్టేవాళ్ళకు క్రిస్మస్ కానుక అంటే తువ్వాలు. తెల్లది, ఎర్ర అంచుది. ఐదుగురు పలకవాళ్ళు, ఐదు తువ్వాళ్ళు. మా తాత హయాంలో అదే, మా నాయన హయాంలో అదే. తొంభైలు వచ్చేసరికి మా మామ ఇంట్లో ఆ తువ్వాళ్ళు ఎన్ని పోగుపడ్డాయంటే, వాటిని వరసగా పరిస్తే మా ఊరి నుంచి ఉదయగిరి కొండ ఎక్కి, పైన కోట చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఇంకా ఒకటి మిగిలేది. ఆ మిగిలినదానితో మా అత్త సంగటి కుండ దించేది.

మామ అంటే మా అమ్మకు పెదనాయన కొడుకు. ఐదుగురు పలకవాళ్ళలో పెద్ద. మిగతా చోట్ల డప్పు అంటారు, మాకది పలక. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించి, భుజాన వేలాడేసుకుని, కుడిచేత లావు కర్ర, ఎడమచేత సన్న పుల్ల పట్టుకుని కొట్టేది. సీతారామపురం నుంచి వింజమూరు దాకా ఏ ఊళ్ళో ఎవరు పోయినా కబురు ముందు మామకే వచ్చేది. ఏడాది పొడుగునా శవాల ముందు నడిచే మనిషి. డిసెంబరు ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం మాత్రం, వెదురు బద్దలతో కట్టి రంగు కాగితాలు అంటించిన పెద్ద నక్షత్రం ముందు నడిచేవాడు. ఆయన వెనక నక్షత్రం, నక్షత్రం వెనక పాటలు పాడేవాళ్ళు. అన్ని వీధులూ తిరిగి దీపాలు పెట్టే వేళకు చర్చి చేరేవాళ్ళం.

"పుట్టినోడి ముందర నడిచేది నాకు ఈ ఒక్కపూటేరా," అని ఒకసారి నాతో అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు మాత్రం పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చునేవాడు.

ఆ ఒక్కపూటకు వానతో ముప్పు వచ్చింది.

తోలుకు చెమ్మ తగిలితే వదులైపోతుంది. అందుకే కొట్టబోయే ముందు వరిగడ్డి మంట వేసి, పలకను దాని ముందు అటూ ఇటూ తిప్పి కాచుకుంటారు. కాగితేనే మోత లేస్తుంది. చేయి కడుక్కోకుండా ముద్ద ఎత్తని మనుషులు ఉంటారు చూడండి, అలాగే మా మామ మంట చూపకుండా పలక మీద కర్ర వేసేవాడు కాదు. ఒక క్రిస్మస్‌కు తుపాను పట్టి గడ్డంతా తడిసిపోయింది. పొగ తప్ప మంట లేదు. రెండో వీధి తిరిగేసరికి ఐదు పలకలూ తడిగోతం మీద చరిచినట్టు మోగాయి. ఆ వాన ఎంత వానంటే, మా చర్చి కంచు గంట కూడా నానిపోయి నాలుగు రోజులు గొంతు పెగల్లేదు. దారి పొడుగునా అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు.

మా సంఘ పెద్దకు ఆ నవ్వు తగిలింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఊరంతా సార్ అనేది. మరుసటి నవంబరులో కమిటీ కూర్చున్నప్పుడు చెప్పవలసింది రెండు ముక్కల్లో చెప్పేశాడు.

"ఈసారి గూడా పలకలతో నగుబాటు అయితే, వచ్చే ఏడాది నక్షత్రం ముందర ఆత్మకూరు బ్యాండు నడస్తాది. ఇంక పలకలు లేవు."

అప్పుడు నేను యువజన సంఘానికి కార్యదర్శిని. ముప్పై ఇంకా నిండలేదు. క్రిస్మస్ కానుకలు కొనుక్కొచ్చే పని నాది.

"అయితే తువ్వాళ్ళొద్దు సార్," అన్నాను. "వాళ్ళకు పనికొచ్చేది ఇద్దాం. వానకు నానని పలక ఉండాది."

"యాడ చూసినావు?"

నేను చూడలేదు. కలువాయి పోయే బస్సులో ఇద్దరు అనుకుంటుంటే విన్నాను. కానీ విన్నానంటే ఆ కమిటీలో ఎవరూ కదలరు.

"నెల్లూరులో చూసినాను సార్, నా కళ్ళతో. పెన్నకు వరదొచ్చినప్పుడు అట్టాంటి పలక ఒకటి కొట్టుకపోయినాదంట. మూడు దినాలకు సముద్రం దగ్గిర చేపలోళ్ళ వలలో పడినాదంట. వలలోంచి తీసి పుల్లతో ఒక్కటేస్తే టంగుమన్నాదంట. ఆ మోతకు నీళ్ళల్లో ఉండే చేపలు వాటంతట అవే ఎగిరి పడవలో పడినాయంట."

చర్చి అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. సార్ నవ్వలేదు.

"చూసినానంటివి. మళ్ళా అంట, అంట అంటా ఉండావే."

"పలకను చూసినాను సార్. వరదను వినినాను."

ఆయన నా మొహం వైపు చాలాసేపు చూశాడు. నేనూ ఆయన కళ్ళల్లోకే చూశాను, రెప్ప కూడా వేయకుండా. చివరికి సరేనన్నాడు. నాకు పెద్ద సంతోషం వేసింది. ఒక్క అబద్ధంతో మామకు ఆ పూట మిగిల్చాననుకున్నాను.

కొనే ముందు మామ మనసు తెలుసుకుందామని ఒకరోజు టీకొట్టు దగ్గర కదిలించాను. పక్క బల్ల మీద సార్ పేపరు చదువుకుంటున్నాడు.

"మామా, బ్యాండోళ్ళు డ్రమ్ములకు ప్లాస్టిక్ తోలు వేస్తా ఉండారు గదా. అది పలకకు వేస్తే ఎట్టుంటాది?"

"దానికి పలకెందుకురా? మీ అత్త బిందె బోర్లించి కొట్టుకోవచ్చు గదా," అన్నాడు మామ. "తోలు లేంది పలకే గాదు. అట్టాంటిది నా చేతికిస్తే పొయ్యిలో పెడతాను."

కొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. సార్ పేపరు దించి నన్ను చూసి, మామను చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

అప్పుడే తీర్మానించుకున్నాను, ముందు చెప్తే మామ ఒప్పుకోడని. రంగు కాగితం చుట్టి, చర్చి ముందర, అందరూ చూస్తుండగా చేతిలో పెట్టాలి. పదిమందిలో ఇచ్చిన కానుకను ఆయన కాదనడు. అప్పటిదాకా నోరు కుట్టేసుకోవాలి. నాకది కొత్త విద్య.

డిసెంబరు మూడో వారంలో ఆత్మకూరు పోయాను. బజారంతా తిరిగాను. పలక కొట్టేవాళ్ళకు పనికొచ్చే వస్తువు కొనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గొడుగు కొందామా అంటే, గొడుగు పట్టుకున్నవాడు పలక ఏ చేత్తో కొడతాడు? వానకోటు అంటే, తొడుక్కున్నాక పలక కోటు లోపల ఉండాలా, బయట ఉండాలా? లోపలుంటే మోత రాదు, బయటుంటే కోటు దండగ. కోతి టోపీలు చూశాను, చెవులు వెచ్చగా ఉంటాయని. కానీ మామ దరువు మార్చేటప్పుడు నోటితో ఒక చిన్న కూత వేస్తాడు. చెవులు మూసుకుంటే మిగతా నలుగురికి ఆ కూత వినబడదు. చెప్పుల కొట్టువాడు, మందుల కొట్టువాడు, దుప్పట్లవాడు తలా ఒక సలహా చెప్పారు. మందుల కొట్టువాడు పలకవాళ్ళకు తలనొప్పి మాత్రలు కొనిమ్మన్నాడు. వాళ్ళకెందుకు, వినేవాళ్ళకు కదా అన్నాను.

చివరికి సంచులు కుట్టేవాడి దగ్గర నాలుగు రెక్సిన్ సంచులు కుట్టించాను, పలక సరిగ్గా పట్టేట్టు, పైన మూత పెట్టి. ఇల్లిల్లూ ఆగినప్పుడు పలక అందులో పెట్టుకుంటే జల్లు తగలదు. అవి నలుగురికి. ఐదోది మామది, వానకు నానని పలక. దానికోసం నాలుగు సందులు తిరిగితే బస్టాండు వెనక హార్మోనియాలు, డోళ్ళు బాగుచేసే కొట్టు కనబడింది. కొట్టులో కళ్ళద్దాల ముసలాయన ఒకడే ఉన్నాడు.

"ఉండాది," అన్నాడు ఆయన. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను అల్లిన వస్తువు నిజంగా లోకంలో ఉంది.

ఇనప రింగుకు డ్రమ్ము మీద వేసే ప్లాస్టిక్ తోలు పరిచి, చుట్టూ ఎనిమిది నట్లు బిగించాడు. చెంబుడు నీళ్ళు దాని మీద పోసి, తువ్వాలుతో తుడిచి, పుల్లతో కొట్టాడు. టంగుమంది. నేను చెప్పిన టంగు అచ్చం అదే.

"వదులైతే ఈ తాళంచెవితో నట్లు తిప్పుకోమను," అన్నాడు ముసలాయన. "నిప్పు మాత్రం చూపించొద్దు."

"సరే పెద్దాయనా."

"నువ్వు సరే అంటే చాలదు. కొట్టేవోడికి చెప్పాల. పలకోళ్ళ చేయి మంట కనబడితే దానంతట అదే పోతాది."

"చెప్తాను."

"ఎప్పుడు చెప్తావు?"

"చేతికిచ్చేటప్పుడు."

"ఇచ్చే ముందు చెప్పు," అన్నాడు ఆయన. చిల్లర చేతిలో పెడుతూ మళ్ళీ చెప్పాడు. నేను మెట్లు దిగి సందు మలుపు దాకా పోయాక వెనక నుంచి కేకేసి ఇంకోసారి చెప్పాడు.

ఇరవై మూడో తేదీ సాయంత్రం మామ వీధిలో ఎదురుపడ్డాడు. పలకను వాసాల్లోంచి దించి తోలు నిమిరి చూసుకుని వస్తున్నాడట.

"ఏరా, మొహం ఏంది అట్టుండాది? ఏదో మింగినోడి మాదిరి?"

చెప్పాలనిపించింది. నాలుక చివరి దాకా వచ్చింది. చెప్తే కాదంటాడు. కాదంటే రేపు మేకతోలు, వాన, మళ్ళీ నవ్వులు. ఆ తరవాత ఆత్మకూరు బ్యాండు.

"ఏంలే మామా. నక్షత్రం కట్టి కట్టి చేతులు నొప్పి."

"చేతులు నొప్పయితే మొహానికేమైందిరా," అంటూ పోయాడు.

ఇరవై నాలుగున పొద్దున్నుంచీ ముసురే. మధ్యాహ్నం మూడున్నరకు చర్చి గేటు దగ్గర అందరం చేరాం. రేకుల పంచ కింద కాస్త పొడిచోటు చూసుకుని ఎవరో వరిగడ్డి మంట వేశారు. మామకు పెద్ద కానుక వస్తోందని నేను ముందే ఊదిపెట్టాను, ఏమిటో మాత్రం చెప్పకుండా. అందుకని మామ తన పాత పలకను ఇంట్లోనే వదిలి ఉత్త కర్రలతో రావలసి వచ్చింది. "కానుక వస్తా ఉండాది, కర్రలొక్కటే తీసకరా మామా," అని నేనే కబురంపాను. గెలుపు ఖాయమని అంత నమ్మకం.

అయ్యగారు ప్రార్థన చేశాడు. సార్ కానుకలు ఇచ్చాడు. నలుగురూ రెక్సిన్ సంచులు తిప్పి తిప్పి చూసుకుని, మూత తీసి వేసి, పలకలు పెట్టి తీసి సంబరపడ్డారు. మామ రంగు కాగితం విప్పాడు.

అందరూ చూస్తున్నారు. మామ ఆ తెల్లటి ప్లాస్టిక్‌ను చూశాడు. నన్ను చూశాడు. టీకొట్టు మాట ఆయనకూ గుర్తొచ్చిందని ఆ చూపులోనే తెలిసింది. ఆయన చిటికెన వేలితో ఒక్కసారి తట్టాడు. మోగింది. ఇంకోసారి తట్టి, తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. పట్టీ భుజాన వేసుకున్నాడు.

సార్ తల ఊపాడు. నేను ఊపిరి వదిలాను. ఇప్పుడు చెప్పాలి, ఈ క్షణంలోనే చెప్పాలి, నిప్పు చూపించొద్దని. ఒక అడుగు వేశాను కూడా. ఎవరో నా చేయి పట్టుకున్నారు.

"ఇదేనా వలలో పడిన పలక? ఆ చేపల సంగతి చెప్పు, మావాళ్ళు వినలేదంట."

చుట్టూ పదిమంది మూగారు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. చెప్పడం మొదలుపెడితే నాకు నిమిషం నిమిషంలా ఉండదు. వరద వచ్చింది, పలక కొట్టుకుపోయింది, సోమశిల దగ్గర ఒక సుడిలో పడి తనంతట తానే మోగింది. ఆ సుడి అప్పటికప్పుడు పుట్టింది, అంతకు ముందు కథలో లేదు. వల దగ్గరికి రాబోతున్నాను. అప్పుడు వాసన వచ్చింది.

కాలిన ప్లాస్టిక్ వాసన.

వెనక్కి తిరిగేసరికి మామ మంట ముందు నిలబడి ఉన్నాడు. రోజూ పలక ఎలా కాస్తాడో అలాగే, రెండు చేతులతో రింగు పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతున్న భంగిమలో ఆగిపోయి. నడుమ పళ్ళెమంత రంధ్రం. అంచులు ముడుచుకుని నల్లబడి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఒక చుక్క ఆయన ఎడమచేతి బొటనవేలి మీద పడింది. ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు. కారుతున్నదాన్ని చూస్తూ ఉన్నాడు.

ముసురు చప్పుడు రేకుల మీద వినబడుతోంది.

"అన్నంత పనీ చేసినాడు," అన్నాడు సార్, గొంతు పెంచకుండా. "నా చేతికిస్తే పొయ్యిలో పెడతానన్నాడు. నేనూ ఉండాను ఆడ."

నేను నోరు తెరిచాను. చెప్పవలసింది ఒక్క మాట. తప్పు నాది, చెప్పమన్నారు, నేను చెప్పలేదు. ఎంతోమందికి ఎన్నో చెప్పిన నోట్లోంచి ఆ ఒక్కటి రాలేదు. నోరు మూసుకున్నాను. మామ రింగును గేటు స్తంభానికి ఆనించి పెట్టి, బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు.

అప్పటికే ఎవరో పరుగెత్తినట్టున్నారు, మా అత్త వచ్చింది. చేతులకు పిండి, చంకలో దుప్పట్లో చుట్టిన పాత పలక.

"అరిసెలు కాల్చే పొయ్యి పక్కన పెట్టినాను పొద్దున్నుంచి. వెచ్చంగా ఉండాది, పట్టుకో," అని మామకిచ్చి, నావైపు తిరిగింది. "రంగు కాగితాలు చుట్టేదానికి ముందు మమ్మల్ని ఒక మాట అడిగినావారా? వేలు చూడు ఆయనది."

చూశాను. అప్పటికే పొక్కు లేస్తోంది. సన్న పుల్ల పట్టే వేలు అది.

ఊరేగింపు కదిలింది. నక్షత్రం గడ నా చేతిలో ఉంది. మొదటి వీధి బాగానే గడిచింది. వెచ్చటి తోలు గట్టిగా పలికింది. మిగతా నలుగురి పలకలు సంచుల్లోంచి తీస్తే పొడిగా ఉన్నాయి. రెండో వీధి మొదట్లో జల్లు పెరిగింది. మోత దిగిపోవడం నాకు వెనక నుంచి తెలుస్తోంది. ఒక్కో దెబ్బకూ ఇంత ఇంత దిగుతోంది. అరుగుల మీద జనం. పోయిన ఏడాది నవ్వినవాళ్ళే.

నక్షత్రం ఆగిన ఇంట్లోకి అత్త చొరవగా పోయింది. "ఏమ్మే, పొయ్యి మీద మూకుడు దించు. రెండు నిమిషాలు."

"కజ్జికాయలు మాడిపోతాయి అత్తా."

"నీ కజ్జికాయలు రేపు గూడా ఉంటాయి. ఇది ఈ పూటే."

ఆ రోజు ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరి లేదు. అరిసెలు, కజ్జికాయలు, మురుకులు. వీధిలో మంట వేయడానికి పొడి గడ్డి దొరకదు గానీ ఇంటింటా నిప్పు ఉంది. అంతకు ముందు పలకవాళ్ళు గడప దాటి లోపలికి వచ్చిన ఇల్లు లేదు. పాట వీధిలో జరుగుతుంటే ఐదుగురూ వంటింట్లో పొయ్యి చుట్టూ గుంపుగా వంగి పలకలు కాచుకునేవాళ్ళు. పాట అయ్యేసరికి బయటికొచ్చి మోగించేవాళ్ళు. మళ్ళీ సంచులు, మళ్ళీ ఇంకో ఇల్లు. మామ పలక వంతు వచ్చినప్పుడు అత్తే పట్టేది, ఆయన వేలికి సెగ తగలకుండా.

నాలుగో వీధిలో సార్ ఇల్లు. నక్షత్రం గడ పక్కవాడికిచ్చి నేనూ లోపలికి పోయాను. అత్త వెనక మామ లోపలికి పోయి ఆగిపోయాడు. అక్కడ కట్టెల పొయ్యి లేదు. గట్టు మీద గ్యాసు పొయ్యి ఉంది. మామ దాన్నీ, దాని నల్లటి గొట్టాన్నీ చూశాడు. సార్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని.

"వద్దులేమ్మా," అన్నాడు మామ సార్ భార్యతో. "ఇదేమన్నా కాలిపోతే ఆ పాపం గూడా నాకే."

"ఏం కాలదు. దూరంగా పట్టు," అని ఆవిడ పొయ్యి వెలిగించింది. నీలం మంట మీద మేకతోలు తిరిగింది. సార్ ఇల్లంతా తోలు వాసన పట్టింది. ఆయన మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

దీపాలు పెట్టే వేళకు చర్చి చేరాం. పలకలు మోగుతూనే చేరాయి. ఆ సాయంత్రం వింజమూరులో గోడ గడియారాలు మా దరువుకు ఒక అరగంట వెనకబడ్డాయని చెప్పేవాణ్ణి, నా మనసు బాగుంటే. బాగలేదు. నక్షత్రం దించుతుంటే సార్ మెట్లెక్కి అందరివైపు తిరిగాడు.

"మోత బాగుండాది. కాదనను," అన్నాడు. "కానీ సంఘం ఇచ్చిన కానుకను మంటలో పెట్టిన మనిషి నక్షత్రం ముందర నడిచేది ఇదే కడసారి. వచ్చే ఏడాదికి ఆత్మకూరుకు నేనే మాట్లాడతాను."

మామ పలక పట్టీ భుజం మీదనుంచి తీశాడు. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు. వాదిస్తాడేమో అని చూశాను. ఆయన వాదించే మనిషి కాదు. కర్రలు రెండూ కలిపి పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"సార్," అన్నాను. "తప్పు నాది. కొట్లో పెద్దాయన... నిప్పు చూపించొద్దన్నాడు. నాకు. మామకు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

"మళ్ళా మొదలుపెట్టినావా," అన్నాడు సార్. వెనకెవరో నవ్వారు.

"లేదు సార్. నిజం. చెప్దామనే... ఆ వల కథ చెప్తా ఉండి..."

"మామను కాపాడేదానికి ఒక కథ. బాగుండాది."

"కథ గాదు సార్. నెల్లూరులో నేను ఏమీ చూడలేదు. పెన్న లేదు, వల లేదు, ఏమీ లేదు. బస్సులో వినినాను, అంతే."

"చేపలు గూడా లేవంటనా?" అని ఎవరో ఆడమనిషి గొంతు, నిజంగానే దిగులుగా. ఈసారి అందరూ నవ్వారు. నేను బతికినన్నాళ్ళూ చెప్పినవన్నీ ఆ నవ్వులో నాకెదురు నిలబడ్డాయి. నా దగ్గర రుజువు లేదు. చెమట పట్టింది, ముసురులో. ఏం చెప్పాలో తెలియక చెప్పిందే మళ్ళీ మొదట్నుంచి చెప్పాను, అది ఇంకా ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మామ ఆగి, వెనక్కి తిరిగాడు.

"వాడు చెప్పేది నిజమే సార్."

"నీకు తెలుసునా?"

"తెలియదు. వీణ్ణి ఇంతప్పట్నుంచి చూస్తా ఉండాను. అబద్ధమయితే మన కళ్ళల్లోకి చూసి నీళ్ళు తాగినట్టు చెప్తాడు. ఇప్పుడు చూడండి, నేల చూస్తా నత్తి కొడతా ఉండాడు. ఇట్ట చెప్పడం నేను ఇదే చూడడం."

సార్ నన్ను చూశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

"సరే. వాడు చెప్పలేదు," అన్నాడు మామతో. "ప్లాస్టిక్ కాలతాదని నీకు మాత్రం తెలియదా?"

"తెలియకేం సార్." మామ చేతుల వైపు చూసుకున్నాడు. "చేతిలో పలక ఉండాది, ఎదురుగా మంట ఉండాది. చేయి పోయినాది. నా బుద్ధి ఆడికి పోయేలోపల కాలిపోయినాది. ఆ ప్లాస్టిక్ మోత బాగనే ఉండాది గూడా. అది గూడా చెప్పాల గదా."

ఆ చివరి మాట అనవలసిన పని ఆయనకు లేదు. టీకొట్టు దగ్గర పదిమందిలో అన్నదాన్ని మళ్ళీ పదిమందిలో తానే వెనక్కి తీసుకున్నాడు. సార్ మెట్ల మీదనుంచే, "నక్షత్రం లోపల కట్టండి, తడస్తా ఉండాది," అని చర్చిలోకి పోయాడు. అవునని అనలేదు, కాదని అనలేదు.

మామ నా పక్కనుంచి పోతూ ఆగాడు.

"ఐదు వీధులు తిరిగినాక చెప్తావారా," అన్నాడు. అంతే.

ఆదివారం కమిటీ కూర్చుంది. సార్ తనే చదివాడు. నక్షత్రం ముందు పలకలే ఉంటాయి, బ్యాండు మాట లేదు. రెండోది, కానుకలు కొనే పని కార్యదర్శి చేతిలోంచి తీసి, సార్ భార్యకు అప్పగించడమైనది, ఆవిడ ముందుగా పలకవాళ్ళ ఇళ్ళకు పోయి అడిగి కొనవలెను. మూడోది, కార్యదర్శి పదవికి వేరే మనిషిని చూడవలెను. మూడింటికీ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

మొదటిది చెప్దామని మామ ఇంటికి పరుగున పోయాను. ఆయనకు అప్పటికే తెలుసు. పంచలో కూర్చుని కొత్త చట్రానికి తోలు బిగిస్తున్నాడు. చట్రం అంచుకు చింతగింజల బంక పూసి ఉంది. నానబెట్టిన మేకతోలు దాని మీద పరిచి, అంచులు లాగుతున్నాడు. ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ చేత్తో పట్టు చిక్కడం లేదు.

"మామా," అన్నాను.

"ఆ కొస పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను. తడితోలు జారిపోతోంది. గోళ్ళు దించి లాగాను.

"గట్టిగా."

ఆయన అటువైపు నుంచి లాగుతున్నాడు. వేళ్ళు నొప్పెట్టాయి, ఆ తరవాత మొద్దుబారాయి. మధ్యలో ఒకసారి అత్త బయటికొచ్చి మా ఇద్దరినీ చూసి లోపలికి పోయింది. ఏదో చెప్పి ఆయన్ని నవ్విద్దామని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. ఎండ పంచలోంచి జరిగి గోడ ఎక్కేదాకా తోలు పట్టుకునే ఉన్నాను. చాలు అని ఆయన అనలేదు, చాలునా అని నేనూ అడగలేదు.